నడిమి గుర్తు నుంచి పద్నాలుగు అడుగులు

హిందూపురం
17 ఆగస్టు 2025, ఆదివారం

చిన్నాయనకు సైమా సలాం.

పోస్టాఫీసులో కవర్లు అడిగితే కౌంటర్లో ఉన్నామె నన్ను వింతగా చూసింది. ఏం చేయను? ఫోన్ చేస్తే నీకు వినపడదు. నలభై ఏళ్ల మరమగ్గాల మోత నీ చెవుల్ని తినేసింది. మెసేజీ పెడితే ఫోన్లో అక్షరాలు చీమలబారు మాదిరి ఉండాయంటావు. కాబట్టి నీకు నా చేతిరాతే గతి. కాలేజీలో పేపర్లు దిద్ది దిద్ది అదీ పాడైపోయింది.

విషయం ఏమంటే, నేను మళ్ళీ విమానం కట్టాను. నవ్వొద్దు. మగ్గాలకు సెలవు రోజున మీ షెడ్డులో నువ్వు ఎగరేసి చూపించేవాడివే, అదే రకం. తేలికైన బాల్సా చెక్క పుల్లలు, రెక్కకు ఊదితే ఎగిరిపోయే కాగితం, కడుపు కింద మెలిపెట్టిన రబ్బరు. అంతా కలిపి ఒకటిన్నర గ్రాము. పెనుకొండలో నరసింహయ్య సారని, రిటైరైన హెడ్మాస్టరు, రొద్దం, ఆమడగూరు బడుల పిల్లలకు ఏడాదిగా ఇవి కట్టడం నేర్పుతున్నాడు. అక్టోబరు పన్నెండున పోటీ పెట్టాడు. నలభై ఎనిమిది మంది పిల్లలు. పెద్దవాళ్లకూ ఒక పోటీ ఉంది, అందులో నేను పేరిచ్చాను. బెంగళూరు పోటీలో నువ్వు గాలిలో నిలబెట్టిన పదకొండు నిమిషాల నలభై సెకన్లు దాటాలని ఆశ.

చోటు ఒక పాత శెనక్కాయ గోదాము. ఏదో ట్రస్టుది. రాతి గోడలు, రేకుల కప్పు, నలభై అడుగుల ఎత్తు. కాపలాకు కుళ్ళాయప్ప అని అరవై ఏళ్లాయన ఉన్నాడు. తూర్పు గోడ కింద చల్లగా ఉంటుందని మంచం అక్కడే వేసుకున్నాడు. రాత్రంతా మేలుకుని, మధ్యాహ్నం ఆ మంచం మీద నిద్రపోతాడు.

ఈరోజు విమానం ఏడు నిమిషాలు ఎగిరింది. గుండ్రంగా తిరుగుతూ పైకి బాగానే పోయింది. కానీ ఆ చుట్టు ఒకచోట నిలబడలేదు. మొత్తంగా తూర్పు గోడ వైపు జరుగుతూ పోయి, అక్కడ వేలాడదీసిన ట్రస్టు వాళ్ల పెద్ద ఫ్లెక్సీకి ముక్కు ఆనించి ఆగింది. రెండోసారి గోదాము నడిమిలో సారు వేయించిన గుర్తు నుంచి రెండడుగులు పడమరకు జరిగి వదిలాను. అప్పుడు గోడకు తగలకుండా దిగింది. నిలబడినచోట సుద్దముక్కతో ఇంటూ మార్కు వేసుకుంటే కుళ్ళాయప్ప, “ఇది తుడిచేయాల్నా మేడం?” అన్నాడు. ఉండనీ అన్నాను.

తప్పు నా చేతిదేనా? చెప్పు.

నీ బిడ్డ
సైమా

ధర్మవరం
22 ఆగస్టు

పాపా సైమాకు చిన్నాయన దీవెనలు.

నీ జాబు మూడు సార్లు చదివినా. మీ చిన్నమ్మకు గట్టిగా చదివి వినిపిస్తే “అరవద్దు, నాకు చెవులుండాయి” అనింది.

నువ్వు మళ్ళీ కట్టడం మొదలుపెట్టినావు, అది చాలు నాకు. ఇంక తప్పు సంగతి. మూసిన కొట్టంలో గాలికి కాళ్లు రావు పాపా. గాలి నిలబడే ఉంటాది, నడిచేది నీ విమానమే. ఎడమ రెక్క మెలికపడింటాది. జిగురు ఆరకముందే పీట మీద నుంచి లేపింటావు. చిన్నప్పుడూ అంతే, నీకు ఆగే ఓపిక యాడిది?

కొత్త రెక్క కట్టు. రబ్బరును సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, వట్టి ఆముదం ఒక్క చుక్క పూసి చీకట్లో పెట్టు. మళ్ళీ రాయి.

జిలాన్

హిందూపురం
31 ఆగస్టు, ఆదివారం

చిన్నాయనకు సలాం.

నువ్వు చెప్పినట్టే కొత్త రెక్క కట్టాను. జిగురు పూసి ఒక రాత్రంతా పీట మీదే వదిలేశాను. గోదాముకు తీసుకుపోయి ఎగరేస్తే ఎనిమిది నిమిషాల యాభై సెకన్లు! సంతోషించేలోపలే మళ్ళీ అదే కథ. చుట్టు తూర్పుకే జరిగింది. ఈసారి ఐదడుగులు పడమరకు పోయి వదలాల్సి వచ్చింది. కొత్త రెక్క పాతదానికంటే వంకరా? నా కళ్లకు కనపడడం లేదు. కనపడనంత మాత్రాన లేదని ఎట్లా అనుకోను?

పెనుకొండ పోవడం పెద్ద పనైపోయింది. గోదాము వెనక రోడ్డు కాలువకని జేసీబీతో తవ్వుతున్నారు. తూర్పు గోడ పాదం దాకా తవ్వేశారు. ఆటో ఊరంతా చుట్టి రావాలి. పొద్దున పోయేసరికి లోపల నేల మీద సన్నటి సున్నపు పొడి. రెక్కల మీద పడితే బరువెక్కుతుందని నేనే ఊడ్చుకున్నాను. పిచ్చుకలు ఇదివరకు దూలాల నిండా ఉండేవట, ఇప్పుడు ఒక్కటీ లేదు. “మీ విమానాలకు జడిసి పోయినాయి మేడం” అని కుళ్ళాయప్ప నవ్వాడు. ఆయనకేమో తూర్పు మూల చిన్న తలుపు పడకుండా పోయిందని బాధ. వారానికొకసారి దాని అడుగును చిత్రిక పడుతున్నాడు. ఆ ఫ్లెక్సీ కూడా తడిబట్ట ఒంటికి అంటుకున్నట్టు గోడకు అంటుకుని ఉంటుంది, ఎందుకో.

చిన్నమ్మ మోకాళ్లకు నూనె పంపిస్తున్నా.

సైమా

ధర్మవరం
5 సెప్టెంబరు

పాపా,

నూనె అందింది. చిన్నమ్మ పూసుకుంటాంది.

ఐదడుగులా? సైమా, గుర్తులేసుకుంటా వెనక్కి వెనక్కి పోయేటోళ్లు యాపొద్దూ నేర్చుకోరు. తప్పు రెక్కలో ఉంటే రెక్కను దిద్దల్ల గానీ నేలను దిద్దితే ఎట్ల? మీ నాయన గుడక ఇంతే. పోగు తెగితే పోగు కట్టకుండా, మగ్గం మంచిది కాదనేటోడు. ఆడ బడి పిల్లోళ్లు చూస్తాంటారు, ఈడ నా పేరుండాది.

ఇంకో రెక్క కట్టు. ఈసారి కొలిచి కట్టు.

జిలాన్

హిందూపురం
21 సెప్టెంబరు, ఆదివారం

చిన్నాయనకు సలాం.

మూడో రెక్క కూడా కట్టాను. కొలిచే కట్టాను, ఒకటికి నాలుగు సార్లు.

పోయిన ఆదివారం తొమ్మిదడుగులు. ఈరోజు పద్నాలుగు. ఇంక వెనక్కి పోతే నా వీపు పడమటి గోడకు తగిలేట్టుంది. అంత దూరం నుంచి వదిలితే పది నిమిషాల యాభై ఐదు సెకన్లు ఎగిరి, మెత్తగా దిగింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. నరసింహయ్య సారు “మీదే కప్పు మేడం” అన్నాడు. నాకు మాత్రం దొంగతనం చేసినట్టనిపించింది. వంకర రెక్కతో గెలిచేదాన్ని పిల్లలకేం చెప్తాను?

నాయన మాట ఎత్తావు. ఆయన పోయి పదకొండేళ్లయింది, ఇప్పుడు ఆయన మగ్గం తప్పులు ఎంచుతావెందుకు? నీ పేరు చెడిపోతుందన్నావు. నేను తప్పుకోవాలని నీ ఉద్దేశమైతే సూటిగా చెప్పొచ్చు. తప్పుకుంటానేమోనని సారుతో అనేశాను కూడా. నలభై ఐదేళ్లొచ్చాయి, క్లాసులో అరవై మందికి బలాల గురించి చెప్తాను, ఒకటిన్నర గ్రాము ఎందుకు పక్కకు జరుగుతుందో చెప్పలేను.

సున్నపు పొడి ఎక్కువైంది. దగ్గు కూడా.

సైమా

ధర్మవరం
25 సెప్టెంబరు

సైమా,

తప్పుకోమని ఎవరు చెప్పినారు? నేనా? నాకు తెల్దే!

నేను మాట్లాడితే గట్టిగా వస్తాది, చెవుడు కదా. రాసినా గట్టిగానే వస్తాందేమో. మీ నాయన నాకు అన్న, ఆయన్ను నేను తిట్టుకుంటా, నువ్వు ఏడవద్దు.

విమానం పెట్టెలో పెట్టుకుని ఈ ఆదివారం ఈడికి రా. మా వీధి ఫంక్షన్ హాలు ఖాళీగా ఉండాది. ఫ్యాన్లు ఆపుతాం, తలుపులు మూస్తాం. నా కండ్లతో చూస్తా.

చిన్నాయన

ధర్మవరం
30 సెప్టెంబరు

పాపా,

మొన్న నువ్వు బస్సెక్కేటప్పుడే ఒప్పుకోవల్లనుకున్నా. ధైర్యం ల్యాకపాయ.

హాలు నడిమిలో నిలబడి వదిల్తివి. తొమ్మిది నిమిషాలు, నేలమీద యా బండకు పైన మొదలుపెట్టిందో ఆ బండమీదే తిరిగి, ఆ బండమీదే దిగింది. జానెడు గుడక జరగల్య. రెక్క వంకర కాదు. మూడు రెక్కలూ వంకర కాదు. నీ చేతిలో తప్పు లేదు సైమా, నేను నెలకు పైగా నీ మీద ఉత్తపుణ్యానికి అరిసినా.

ఇంటికొచ్చి నీ జాబులన్నీ తేదీల ప్రకారం మంచం మీద పరిచినా. రెండు. ఐదు. తొమ్మిది. పద్నాలుగు. విమానం అదే, ఎగరేసేది నువ్వే, మరి పెరిగేది ఏంది? గాలి యాడికి పోతాందో ఆడ దారి ఉండాది. వారం వారం దారి పెద్దదయితాంది.

నేను నీ జాబుల్లో రెక్క సంగతే చదివినా. తక్కింది ఆడోళ్ల కబుర్లు అనుకుని వదిలేసినా. ఇప్పుడు ఒక్కొక్క మాట కింద గీత గీసుకుంటా చదువుతాండా. సున్నపు పొడి. పిచ్చుకలు ల్యాకపోవడం. తలుపు పడకపోవడం, అంటే గోడ దిగుతాంది. ఫ్లెక్సీ గోడకు అంటుకోవడం, అంటే దాని వెనక గాలి బయటికి పీకుతాంది. గోడ పాదం దాకా తవ్వినారని నువ్వే రాసినావు కదమ్మా. అన్నీ నువ్వే రాసినావు.

బిరీన పోయి ఆ ఫ్లెక్సీ పైకెత్తి చూడు. ఆ గోడ కింద పిల్లోళ్లను కూర్చోబెట్టనీయద్దు.

జిలాన్

హిందూపురం
4 అక్టోబరు, శనివారం

చిన్నాయనకు సలాం.

నీ ఉత్తరం అందగానే పెనుకొండ పోయాను. సారు ముందర నాలుగు ఉత్తరాలూ పెట్టాను. నా అడుగుల లెక్క చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, “మేడం, విమానం చూసి గోడకు జాతకం చెప్తారా?” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, చూడు, అదీ నా బుద్ధి.

ఫ్లెక్సీ ఎత్తించాను. వెనక మూలలో, పైనుంచి మనిషి ఎత్తు దాకా, అరచేయి వెడల్పున కొత్త సిమెంటు పూత. పోటీకి వీఐపీలు వస్తారని ట్రస్టు వాళ్లు పోయిన వారమే మేస్త్రీని పెట్టి పూయించి, సున్నం కొట్టించారట. “పగులు ఉండేది నిజమే, చెయ్యి పట్టేది. ఇప్పుడు పూడ్చేసినారు కదా” అని కుళ్ళాయప్ప.

సారు కోసం విమానం ఎగరేశాను. నడిమి గుర్తు మీద నిలబడి వదిలాను. చుట్టు ఎటూ జరగలేదు. అచ్చంగా మీ ఫంక్షన్ హాల్లో మాదిరే. “చూశారా, రోగం కుదిరింది!” అన్నాడు సారు. ఆయన మొహంలో ఎంత ఊరటో. ఏడాది కష్టం చిన్నాయనా, ఆ పిల్లల్లో సగం మంది ఆమడగూరు దాటి ఎరగరు. వద్దని చెప్పడానికి నా దగ్గర ఏముంది? నిన్నటిదాకా జరిగిన విమానం ఈరోజు జరగలేదు. అంతే.

విమానం అంత నిదానంగా తిరుగుతుంటే నాకెందుకో మంచిగా అనిపించలేదు. నాడి దొరకనట్టు. ఇదీ నా అనుమానపు బుద్ధేనా?

బయట కాలువ ఇంకా లోతుగా తవ్వారు. వాన మొదలైంది.

సైమా

ధర్మవరం
7 అక్టోబరు

సైమా,

టపా మీద నమ్మకం లేదు, ఈ చీటీ తెలిసిన కండక్టరు చేతికిచ్చి పంపుతాండా.

పూత పూస్తే గాలికి దారి మూసుకుంటాది, గోడ దిగేది ఆగదు. నీ విమానం ఇంక చెప్పలేదు, దాని నోరు మూసినారు. అయితే దాని రెక్క చెప్తాది.

రెక్క కాగితం వేలెడు వెడల్పున మూడు ముక్కలు కోయి. ఆ కొత్త పూతకు అడ్డంగా, పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి, రెండు కొసలూ పాత రాతికి అంటించు. బిగుతుగా అంటించు, మనం రెక్కకు ఎట్ల అంటిస్తామో అట్ల. ఆ కాగితం వెంట్రుకంత గుడక సాగదు. గోడ నిలబడితే కాగితం నిలబడతాది.

సారును గుడక పక్కన నిలబెట్టుకుని అంటించు.

చిన్నాయన

హిందూపురం
13 అక్టోబరు, సోమవారం

చిన్నాయనకు సలాం.

శుక్రవారం మధ్యాహ్నం నిచ్చెన వేసి మూడు కాగితాలూ అంటించాను. నిచ్చెన కుళ్ళాయప్ప పట్టుకున్నాడు. సారు కింద నిలబడి, “గోడకు బ్యాండేజీ వేస్తున్నారు మేడం” అని వేళాకోళం చేశాడు. అయినా మూడు కాగితాల మీదా తేదీ తన చేత్తోనే రాశాడు. తలుపు మూసి తాళం ఆయన దగ్గరే పెట్టుకున్నాడు, ఎవరూ ముట్టుకోలేదని తెలియాలి కదా. కుళ్ళాయప్ప ఆ ఒక్క రోజు ఇంటికి పోయాడు.

శనివారం పొద్దున తాళం తీశాం.

పై కాగితం అడ్డంగా చినిగి రెండు ముక్కలు వేలాడుతోంది. నడిమిదీ అంతే. కింది దానిలో ఒక చీలిక. సారు గోడ దగ్గరికి పోయాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తర్వాత బయట మెట్టు మీద కూర్చుని ఒక్కొక్క బడికీ తనే ఫోన్ చేశాడు. “పోటీ లేదప్పా. లేదు. కారణం తర్వాత చెప్తా” అని ఎన్నిసార్లన్నాడో. ట్రస్టు వాళ్లకు కూడా చెప్పాడు. వాళ్లు కోప్పడి, తాళం తీసుకుని, ఇంజనీరును పిలిపిస్తామన్నారు.

నిన్న ఆదివారం. కబురు అందని రెండు ఊళ్ల పిల్లలు పెట్టెలు పట్టుకుని వచ్చారు. బడి ఆవరణలో ఎగరేస్తే గాలికి విమానాలు కాగితం ముక్కల్లా కొట్టుకుపోయాయి. ఒక పిల్ల ఏడ్చింది. వాళ్ల నాయన నావైపు చూసి, “ఆ గోడ నిలబడే ఉండాది కదమ్మా, ఎంత బాగుండాదో” అన్నాడు. నిజమే. తెల్లగా సున్నం కొట్టి, వానలో తడుస్తూ, నిక్షేపంగా నిలబడి ఉంది.

ఇప్పుడు ఊళ్లో నా పేరు గోడ మేడం. కాగితాన్ని నేనే మరీ బిగుతుగా లాగి అంటించానా? వాన చెమ్మకు చినిగిందేమో? రాత్రంతా ఇదే.

సైమా

ధర్మవరం
16 అక్టోబరు

పాపా,

చెమ్మకు కాగితం వదులయితాది గానీ చినగదు. నీకు తెల్సు ఆ సంగతి. తెలిసీ నిన్ను నువ్వు తిట్టుకుంటాండావు. నీ చేతిని ఇంకెన్ని సార్లు అనుమానిస్తావు? ఒకసారి నేను చాలదా?

నవ్వేటోళ్లను నవ్వనీ. పిల్లోళ్లు వాళ్ల ఇండ్లల్లో ఉండారు, అది చాలు. ఈడ మూడు దినాలుగా వాన నిలవల్య, ఆడా అంతే అంటాండారు.

నిన్న మళ్ళీ నీ జాబులన్నీ మొదటి నుంచి చదివినా. ఈ తూరి ఒక్క మాట వదల్య. మొదటి జాబులోనే ఒకటి అగుపించింది.

ఆ కుళ్ళాయప్ప మంచం తూర్పు గోడ కింద అని రాసినావు. ఒక్క దినం ఇంటికి పోయినాడని రాసినావు. మరి ఇప్పుడు యాడ పండుకుంటాండాడు?

జిలాన్

హిందూపురం
21 అక్టోబరు, మంగళవారం

చిన్నాయనా,

నీ ఉత్తరం శనివారం పదకొండింటికి అందింది. కవరు చింపి చదివి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బస్సెక్కాను. నలభై ఎనిమిది మందిని లెక్కపెట్టిన నేను నలభై తొమ్మిదో మనిషిని లెక్కపెట్టలేదు. నిచ్చెన పట్టుకున్నది ఆయనే.

నేను పోయేసరికి తాళం తీసే ఉంది. కుళ్ళాయప్ప లోపల ఆ గోడ కింద మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ట్రస్టు వాళ్లు తాళం మళ్ళీ ఆయనకే ఇచ్చి, సామాన్లు ఉన్నాయి, జాగ్రత్తగా చూసుకో అన్నారట. ఇంజనీరు వాన తగ్గాక వస్తాడట. బయటికి రమ్మన్నాను. “యాడికి రావల్ల మేడం వానలో? నేను ల్యాకపోతే పని పోతాది” అన్నాడు. బతిమాలాను, గదమాయించాను. చివరికి, “మీ విమానాన్ని ఎంత దూరం పెట్టినారు ఆ గోడకు? అంత దూరం పోతా, సరేనా?” అన్నాడు నవ్వుతూ.

ఇద్దరం మంచం చెరొక కొస పట్టుకుని నడిచాం. నడిమి గుర్తు దాటి, రెండు, ఐదు, తొమ్మిది. ఒక్కో ఇంటూ మార్కు దగ్గర ఆగి “చాలా?” అన్నాడు. పద్నాలుగో అడుగు మార్కు మీద మంచం దించాం.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గోడ పడింది. పాదం కాలువలోకి జారిపోయి, పైదంతా లోపలికి కూలింది. నరసింహయ్య సారు ఫోన్ చేసి “మేడం, మీ గోడ పడింది” అన్నాడు.

నిన్న పోయి చూశాను. రాళ్లు నడిమి గుర్తును కప్పేసి, రెండో అడుగు మార్కును కప్పేసి, ఐదో అడుగు మార్కు దగ్గర ఆగాయి. తొమ్మిదో దాని మీద పిడికెడంత రాయి ఒకటి దొర్లి వచ్చి పడి ఉంది. పిల్లలు కూర్చోవడానికని సారు ముందే పరిపించిన జంపఖానాలు ఆ రాళ్ల కింద నుంచి కొసలు కొసలుగా కనపడుతున్నాయి.

కుళ్ళాయప్ప మంచం మీదే ఉన్నాడు. ఒళ్లంతా సున్నం, గాయం ఒక్కటీ లేదు. మంచం దిగమంటే దిగడం లేదు. దాని కింద నా సుద్ద గుర్తు అట్లాగే ఉంది. తుడిచేయాల్నా అని ఈసారి ఆయన అడగలేదు.

సైమా